అక్క గొంతు ఎక్కడ దాచాలి

మా అక్క పోయి ఏడాది దాటింది. ఆవిడ పోవడం ఒకటి, ఆవిడ గొంతు పోవడం ఇంకొకటి. మొదటిదానికి ఎవర్నీ ఏమీ అనను. మనిషన్నాక పోతుంది. రెండోది తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. దాన్ని పోనివ్వకూడదని నా చేతనైనదంతా చేసేను. తెలుసుకుని, చదువుకుని, నాలుగు రకాలుగా ఆలోచించి మరీ చేసేను. అయినా పోయింది.

నేను పెద్దగా చదువుకోలేదు. బడి మధ్యలో మానేసి అమలాపురంలో రేడియోలు బాగుచేసే ఒక కొట్లో చేరేను. సర్క్యూటు బొమ్మలన్నీ ఇంగ్లీషులో ఉండేవి. చెప్పేవాడు లేడు. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక్కో మాటా కూడబలుక్కుని నేర్చుకున్నాను. తరవాత మా ఊళ్ళోనే, అమలాపురం నుంచి అల్లవరం పోయే దారిలో, మా ఇంటి వీధిగదిలో సొంతంగా బల్ల వేసుకున్నాను. రేడియోలు పోయి టేపురికార్డర్లు వచ్చేయి. అవి పోయి టీవీలు, అవి ఉండగానే కంప్యూటర్లు వచ్చేయి. ఏది మారినా జనం "ఇంక మీ పని అయిపోయిందండీ" అనేవారు. నేను మళ్ళీ డిక్షనరీ తీసేవాణ్ణి.

టేపురికార్డరు బాగుచేసేక అది సరిగ్గా పలుకుతోందో లేదో చూడాలి కదా. అందరూ సినిమా పాట పెట్టి చూసేవారు. నేను పెట్టేవాణ్ణి కాదు. పాట మోసం చేస్తుంది. మోటారు రవ్వంత నెమ్మదించినా పాట పాటలాగే ఉంటుంది. బాగా ఎరిగున్న మనిషి గొంతు అలా కాదు, వెంట్రుకవాసి తేడా వచ్చినా చెవి ఒప్పుకోదు. నేను అన్నిటికంటే ఎక్కువ ఎరిగిన గొంతు మా అక్కది. పెళ్ళయిన కొద్దిరోజులకే బావగారు పోతే పుట్టింటికి వచ్చేసింది. అమ్మ పోయేక నన్ను పెంచింది ఆవిడే. అందుకని సెట్టు బిగించడం అయ్యిందంటే వంటింటి వేపు తిరిగి "అక్కా, ఓసారి ఇలా రా" అని కేకేసేవాణ్ణి. చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ వచ్చి మైకు మీదకి వంగేది.

"ఏం చెప్పమంటావురా? ఒకటి, రెండు, మూడు. చాలా? పప్పు మాడిపోతోంది."

"ఇంకొంచెం చెప్పక్కా."

"ఏం చెప్పను, నీ మొహం! వంకాయలన్నీ పుచ్చులే. సంతలో వాడికి నిన్ను చూస్తే లోకువ. పుచ్చువి ఏరి మరీ నీ సంచిలో వేస్తాడు."

అలా ఏళ్ళ తరబడి మాట్లాడింది. ఎండల గురించి, గోదారి నీళ్ళు ఎర్రబడటం గురించి, పక్కింటి ఆవు ఈనడం గురించి, నా పెళ్ళి గురించి, పెళ్ళయ్యేక మా ఆవిడ వంట గురించి. ఒక్కో ముక్కా అర నిమిషమో నిమిషమో ఉండేది. ఆ టేపులన్నీ ఒక ట్రంకుపెట్టెలో పడేసేవాణ్ణి. దాచుదామని కాదు, పారెయ్యడానికి చెయ్యి రాక.

పెద్దతనంలో అక్కకి గొంతులో కంతి లేచింది. కాకినాడలో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేసేరు. బతికింది. మెడ దగ్గర ఒక రంధ్రం, దానికి అడ్డంగా తెల్లటి గుడ్డ, అంతే, మాట లేదు. ఆసుపత్రివాళ్ళు ఏం కావాలన్నా రాసి చూపించమని పలక ఇచ్చేరు. ఆవిడకి రాయడం సంతకం వరకే వచ్చు. ఇంటికొచ్చిన వారానికి ఆ పలకని పెరట్లోకి విసిరికొట్టింది. ఎంతమందిని ఎన్నేసి మాటలన్న మనిషి! మంచినీళ్ళు కావాలంటే చెంబు మీద గరిటెతో కొట్టేది. ఆ చప్పుడు విని మా ఆవిడ వంటింట్లో కళ్ళు తుడుచుకునేది.

అప్పుడు ట్రంకుపెట్టె తీసేను. టేపులు అప్పటికే చావుకి సిద్ధంగా ఉన్నాయి. మా సముద్రపు గాలికి బూజు పట్టి, రీలు రీలుకి అంటుకుపోయి ఉన్నాయి. ఒక్కసారి పాడి, హెడ్డు మీద గోధుమరంగు పొడి రాల్చేసి, ఇంకోసారికి పనికిరాకుండా పోయేవి. మాట ఉండేది ఆ పొడిలోనే. ఆ ఒక్కసారిలోనే కంప్యూటరులోకి ఎక్కించేను. ఆ తరవాత కత్తిరించుకుంటూ కూచున్నాను. "మంచినీళ్ళు" అన్నది ఒకచోట దొరికింది. "ఆకలేస్తోంది", "తలుపెయ్యి", "వద్దు", "ఎవరదీ" ఇంకోచోట, ఇంకోచోట. ఒక్కోదానికీ ఒక బొమ్మ పెట్టి ఫోనులో వరసగా అమర్చేను. చెంబు బొమ్మ నొక్కితే మంచినీళ్ళు. విస్తరి బొమ్మ నొక్కితే ఆకలి.

మొదటిసారి చెంబు బొమ్మ నొక్కినప్పుడు ఫోనులోంచి ముప్పై ఏళ్ళ ఆడమనిషి గొంతు ఖంగున మోగింది. "మంచినీళ్ళు తీసుకురా, గొంతు ఎండిపోతోంది!" ఎప్పుడో రోహిణి ఎండల్లో ఏదో సెట్టు ముందు కూచుని అన్న మాట. అక్క ఫోను కింద పెట్టేసి చాలాసేపు దానివేపు చూస్తూ ఉండిపోయింది. తరవాత మళ్ళీ నొక్కింది. మళ్ళీ. మా ఆవిడ మూడు గ్లాసులు తెచ్చి పెట్టింది.

కొద్దిరోజుల్లో ఆరితేరిపోయింది. మా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు, ఉప్పలగుప్తం దిగువన రొయ్యల చెరువులు చేస్తాడు. ఒకరోజు బురద కాళ్ళతో వచ్చి "వదినగారూ, ఎలా ఉన్నారండీ?" అన్నాడు. అక్క ఫోను వెతికి నొక్కింది.

"ఎవడ్రా వాడు, చెప్పులతో లోపలికొచ్చేస్తున్నాడు? సంతనుకున్నాడా, ఇల్లనుకున్నాడా?"

మా బావమరిది నిజంగానే బయటికి పరిగెత్తేడు. చెప్పులు విప్పి వచ్చి, "ఆయ్, ఇదెక్కడి గోలండీ బావగారూ! ఇదివరకు నోటితోనే తిట్టేవారు, ఇప్పుడు మిషను కూడా పెట్టించేరు" అన్నాడు. అక్క భుజాలు కదిలేయి. నవ్వుతోందన్నమాట. నవ్వుకి బొమ్మ లేదు. నవ్విన టేపు ఎంత వెతికినా దొరకలేదు.

ఇది లోకం దృష్టిలో కొన్ని ఫైళ్ళు. మా ఇంట్లో ఒక మనిషి నోరు. దాన్ని ఎక్కడ దాచాలన్నది నాకు పెద్ద సమస్య అయిపోయింది.

ముందు ఒక పాత కంప్యూటరుకి రెండు డిస్కులు బిగించి ఇంట్లోనే సర్వరు చేసి, టేపుల్లోంచి ఎక్కించినవన్నీ అందులోకే మార్చేను. సర్వరంటే ఏమీలేదు, పొద్దస్తమానం మెలకువగా ఉండి, ఎవరడిగింది వాళ్ళకి అందించే పెట్టె. ఇంటర్నెట్ తీగ అక్క గదిలోంచే లోపలికి వస్తుంది కాబట్టి దాన్ని ఆవిడ మంచం పక్కనే పెట్టేను. అందులోంచి ఫోనుకి సింకు పెట్టేను. నేను ఇక్కడ కొత్త ముక్క కత్తిరించి వేస్తే అక్కడ ఫోనులో ప్రత్యక్షమయ్యేది.

మా బావమరిది రోజూ పొద్దున్నే గుడ్‌మార్నింగు బొమ్మలు పంపించే రకం. గులాబీలు, దేవుళ్ళు, టీ కప్పులు. చెరువు మీద కూచున్నవాడికి ఇంకేం పని? అక్క ఫోను నిండిపోయింది. ఒకరోజు ఆవిడకి విసుగొచ్చి ఆ బొమ్మలన్నీ పట్టుకుని తుడిచేసింది. వాటితోపాటు తన మాటలు కూడా సగం తుడుచుకుపోయేయి. సింకు బుద్ధిమంతురాలైన కోడలిలాగ, ఫోనులో లేనివి సర్వరులో మాత్రం ఎందుకని అక్కడా తుడిచేసింది. అక్క చెంబు బొమ్మ కోసం వెతుక్కుంటూ, అది కనబడక, నా చొక్కా పట్టుకుని ఊపింది. ఆ కళ్ళు ఇప్పటికీ నాకు కనబడతాయి. సర్వరు చెత్తబుట్టలో ఇంకా మిగిలి ఉన్నాయి కాబట్టి ఆరోజు బతికేం.

"రెండు డిస్కులూ ఫోనూ, మూడు చోట్ల ఉంటే భయం లేదన్నారుగా బావగారూ?" అన్నాడు మా బావమరిది.

"మూడు చోట్లా ఒకేసారి పోతే మూడెందుకయ్యా? సింకు అద్దం లాంటిది. మన మొహానికి మసైతే అద్దంలో మొహానికీ అవుతుంది. మనకి కావలసింది ఫొటో. నిన్నటి మొహం నిన్నటిలాగే ఉండాలి. దాన్ని బ్యాకప్పంటారు."

"ఆయ్. అయితే ఫొటో తీయించేద్దాం. ముందు ఈ ఫోనులో ఖాళీ లేదండీ. దీంట్లో బొమ్మలు మాత్రం ఉంచి, మాటలన్నీ సర్వరులో పెట్టేద్దాం. నొక్కినప్పుడు అక్కణ్ణుంచి వస్తాయి."

సరేనన్నాను. అక్క ఇల్లు దాటి వెళ్ళే మనిషి కాదు. వెళ్ళినా ఆ పెట్టె రాత్రింబవళ్ళు పనిచేస్తూనే ఉంటుంది.

ఇక ఆ ఫొటో దాచడానికి క్లౌడు, అంటే ఎక్కడో కంపెనీవాళ్ళ మిషన్లలో చోటు, వెతకడం మొదలుపెట్టేను. ఊరికే ఇస్తామనేవాడు ఒకడు. వాడి షరతులు డిక్షనరీ పెట్టుకుని చదివితే, మా ఫైళ్ళు వాడి మిషన్లు తడుముతాయని తేలింది. మా అక్క తిట్లు వాడికెందుకు? ఇంకొకడు దాచడం చవక, తిరిగి తీసుకోవడం ఖరీదు అన్నాడు. కోల్డుస్టోరేజీలో రొయ్యలు పెట్టినట్టు. మూడోవాడు నచ్చేడు. ఒక మిషనులో ఎంతుంటే అంతా దాస్తాడు. మన దగ్గరే తాళం వేసి పంపిస్తాం, వాడు కూడా విప్పలేడు. పాత రూపాలు కూడా ఉంచుతాడు. ఖాతా మా బావమరిది పేరున తెరిచేం, అతనికైతే కార్డూ మెయిలూ అన్నీ ఉన్నాయి కాబట్టి.

అందులో ఒక షరతుంది. మిషను నెల రోజులపాటు వాడికి కనబడకపోతే, అది లేదనుకుని కాపీ తీసేస్తాడు. ఆ ముక్క నేను చదవలేదని ఎవరైనా అంటే ఊరుకోను. చదివేను. చదివి లెక్క కూడా వేసుకున్నాను. తుపానొస్తే? ఎంత పెద్ద తుపానైనా వారం పదిరోజుల్లో కరెంటు వచ్చేస్తుంది. వరదొస్తే? పెట్టె అటక మీదకి ఎక్కిస్తాం. పిడుగు పడితే, ఎలుక కొరికితే, దొంగ ఎత్తుకుపోతే? కొత్త పెట్టె కొంటాం, వారం చాలు. మా సీమలో ఇంటికి రాగల ఆపదలన్నీ వేళ్ళ మీద ఎంచేను. ఒక్కటి ఎంచలేదు.

నక్షత్రం.

నాలుగేళ్ళు ఆ ఫోనుతో మాట్లాడింది అక్క. నాలుగో ఏడు ఆషాఢంలో మళ్ళీ కంతి లేచింది. ఈసారి ఆసుపత్రివాళ్ళు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. మంచంలో పడుకుని ఫోను గుండెల మీద పెట్టుకునేది. నొక్కడానికి వేలు కూడా సరిగ్గా లేచేది కాదు.

ఒకరోజు మధ్యాహ్నం ఊపిరి మారింది. వాన కుంభవృష్టి. మా బావమరిది సిద్ధాంతిగారిని వెంటబెట్టుకుని వచ్చేడు. ఆయన వసారాలో గొడుగు ముడిచి, పంచాంగం తిరగేసి, నన్ను పక్కకి పిలిచేరు.

"సాయంత్రం నుంచి శతభిషం వస్తోందండీ. ఆ నక్షత్రంలో ఇంట్లో ప్రాణం పోతే ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలి. తమకి తెలియనిది కాదు. ఇప్పుడే బయటికి దింపేస్తే ఇంటికి దోషం ఉండదు."

"బయటంటే ఎక్కడండీ?"

"పశువుల పాక ఉందిగదండీ. అందరూ చేసేదేనండీ."

పాకలో మోకాలి లోతు బురద. చూరు నాలుగువైపులా కారుతోంది. గదిలోకి చూసేను. అక్క కళ్ళు తెరిచే ఉన్నాయి. చెవులకి ఆపరేషన్ చెయ్యలేదు కదా, అన్నీ వింటోంది.

"బతికున్న మనిషిని బురదలో పెట్టి ఎప్పుడు పోతుందా అని చూస్తామాండీ? ఇల్లు నాదా, ఆవిడది కాదా? ఈ ఇంట్లో నాకు అన్నం పెట్టిందే ఆవిడ. పోతే ఈ మంచం మీదే పోతుంది. మీ శతభిషం చేసుకునేది చేసుకోమనండి."

"కోపం వద్దు బావగారూ, పెద్దలు పెట్టిన..." అని మా బావమరిది ఏదో అనబోయేడు.

"నీ నోట్లో మాట నీ నోట్లోనే ఉంచుకోవయ్యా. నీకది ఉంది. ఆవిడకి లేదు."

గదిలోకి వెళ్ళి కూచున్నాను. అక్క నా చెయ్యి పట్టుకుంది. మర్నాడు పొద్దెక్కేక, వాన వెలిసిన కాసేపటికి, అలాగే పట్టుకుని పోయింది.

పోయేక ఇంక నా మాట చెల్లలేదు. పన్నెండు రోజుల కర్మ అవ్వగానే ఇల్లు ఖాళీ చెయ్యాలన్నారు. నాకైతే దోషం అంటే లెక్కలేదు. కాని మా బావమరిది కూతురు, మా ఇంటికి వస్తూ పోతూ ఉండే పిల్ల, కడుపుతో ఉంది. మా ఆవిడ నా ముందు కూచుని ఒకే మాట అంది. "ఆ పిల్లకి గాని లోపలున్న పసిగుడ్డుకి గాని ఏమైనా అయితే, అయ్యింది ఎందుకైనా సరే, జన్మంతా మనల్నే అంటారు. నేను భరించలేను." తర్కంతో గెలవచ్చు. మా ఆవిడ మొహం మీద గెలవలేను.

ఖాళీ చేసేటప్పుడు, అక్క గదిలో వస్తువు ఏదీ కదపకూడదన్నారు సిద్ధాంతిగారు. అంతలో ఆయన దృష్టి సర్వరు మీద పడింది.

"ఆ పచ్చదీపం ఏవిటండీ?"

"దీపం కాదండీ, చిన్న బల్బు. పెట్టె పనిచేస్తోందని గుర్తు."

"వెలిగేదేదైనా దీపమేనండీ. పాడుపెట్టిన ఇంట్లో దీపం ఉండకూడదు."

అక్క ఫోను మాత్రం నా జేబులో ఉంది. సర్వరు కట్టేస్తే ఏం, క్లౌడులో కాపీ ఉంది కదా అనుకున్నాను. నమ్మకంగా ఒక చోట దాచేం కదా అనుకున్నాను. ఆ ఒక్క ధైర్యంతో మెయిను స్విచ్చి నా చేత్తోనే దింపేను. గుమ్మానికి ముళ్ళకంప అడ్డం పెట్టేరు. పక్క వీధిలో అద్దెకి దిగేం.

ఫోను తీసి చూసేను. చెంబు, విస్తరి, తలుపు, బొమ్మలన్నీ ఉన్నాయి. నొక్కితే చిన్న చక్రం తిరుగుతుంది. ఇంట్లో పెట్టె నిద్రపోతుంటే ఎక్కణ్ణుంచి వస్తుంది? తిరగనీ, ఇల్లు తెరిచేక వస్తుందిలే అనుకున్నాను. మూడో మాసికం నాడు మాత్రం తట్టుకోలేకపోయేను. భోక్తలు వెళ్ళేక మా బావమరిదిని కూచోబెట్టి, "ఆ క్లౌడు తెరువు, ఒక్క ముక్క దింపుకుందాం" అన్నాను. తెరిచేడు. ఆ ఖాతాలో మిషన్లేమీ లేవని ఉంది. మెయిళ్ళు వెతికితే మూడు హెచ్చరికలు కనబడ్డాయి. రొయ్యల మేత ప్రకటనల కింద, ఒక్కటీ తెరవకుండా.

"నేను మెయిలు చూడనండీ బావగారూ. ఎవరైనా వాట్సాపులోనే కదండీ పంపిస్తారు" అన్నాడు. మొహం పాలిపోయింది. తిట్టాలనిపించలేదు.

కంపెనీవాడితో చాటింగు పెట్టేం. నేను తెలుగులో చెప్తుంటే మా బావమరిది ఇంగ్లీషులో కొట్టేడు. అవతల ఎవడో మహా మర్యాదస్తుడు. మిషను ఎందుకు ఆపేరని అడిగేడు. నక్షత్రం బాగోలేక ఆపేమని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో మా బావమరిదికి తోచలేదు. ఇంటికి రిపేర్లని కొట్టేడు. మా విచారం తనకి అర్థమైందనీ, తీసేసినవి తిరిగి తేలేమనీ రాసేడు అవతలివాడు. పైగా తన సేవకి ఎన్ని నక్షత్రాలిస్తారో చెప్పమని ఒక వరస పంపించేడు. ఫోను లాక్కుని అవతల పడేసేను.

సిద్ధాంతిగారి పంచాంగం ఆరు నెలలంది. కంపెనీ పంచాంగం ఒక్క నెలంది. రెండిట్లో ఏదీ నన్ను అడిగి రాసింది కాదు. ఒకాయన ఇంట్లో మనుషులుండకూడదంటాడు. ఇంకొకడు మనుషులు కనబడకపోతే అసలు లేరంటాడు. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడేరు.

ఇంకా డిస్కులున్నాయి కదా అని కంప తీసి లోపలికి పోబోయేను. మా ఆవిడ వీధిలో అడ్డంగా నిలబడింది. "పిల్లకి నెలలు నిండేయి. ఇంకొన్నాళ్ళు ఆగండి. మీ కాళ్ళు పట్టుకుంటాను" అంది. ఆగేను. ఆ వారంలోనే తుపాను వచ్చింది. అద్దింట్లో కిటికీ పక్కన కూచుని, వాన చప్పుడు వింటూ మా ఇంటి పెంకులే తలుచుకుంటూ ఉన్నాను. పెంకు జారితే సర్దే దిక్కు లేదు ఆ ఇంటికి.

పిల్లకి సుఖంగా కానుపైంది. మగపిల్లాడు. దోషం తప్పిందన్నారు.

ఆరు నెలలయ్యేక శాంతి చేయించి, పాలు పొంగించి, ఇల్లు తెరిచేం. అక్క గదిలో సరిగ్గా పెట్టె మీద రెండు పెంకులు జారి ఉన్నాయి. పెట్టె విప్పితే లోపల నీళ్ళు ఎండి తెల్లటి చార. డిస్కులు రెండూ తుప్పు. రెండూ ఒకే పెట్టెలో. హైదరాబాదులో చచ్చిన డిస్కుల్లోంచి తీసేవాళ్ళకి పంపించేం. డిస్కు లోపలి పళ్ళెం మీద, రాత ఉండే పొర ఊడిపోయిందని తిప్పి పంపించేరు.

కొన్నాళ్ళకి ఒకరోజు అన్నం వడ్డిస్తూ మా ఆవిడే అంది.

"ఊళ్ళోవాళ్ళ టేపుల మీద కూడా వదినగారి చేత వాగించేవారుగా?"

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నిజమే. చాలామంది సెట్టులో టేపు ఉంచే తెచ్చేవారు. నా టేపు చేతికి దొరకనప్పుడు వాళ్ళ టేపు చివర ఖాళీ చూసి, అక్క చేత నాలుగు ముక్కలు అనిపించి ఇచ్చేసేవాణ్ణి. ఒకాయన నవ్వుతూ దెబ్బలాటకి కూడా వచ్చేడు, "మా ఇంట్లో భజన అవ్వగానే మీ అక్కగారు చింతపండు మండిపోతోందంటున్నారండీ" అని.

అప్పట్నుంచీ ఊళ్ళు తిరుగుతున్నాను. గుర్తున్న ఇళ్ళన్నీ. కొత్తపేట వేపు, రాజోలు వేపు, లంకల్లో. చాలా ఇళ్ళల్లో ఆ మనుషులే లేరు. ఉన్నచోట పాత సామానుకి వేసేశామంటారు. ఒకచోట ఒక టేపు ఇచ్చేరు. ఇంటికి తెచ్చి శుభ్రం చేసి పెట్టేను. మొదట్నుంచి చివరిదాకా ఎవరివో పెళ్ళి సన్నాయిలు.

మొన్న అల్లవరం దిగువకి వెళ్ళేను. ఒకప్పుడు పడవ నడిపిన పెద్దమనిషి, పెద్ద సెట్టు భుజాన వేసుకుని నా దగ్గరికి వచ్చేవాడు. ఇప్పుడు చెరువు తవ్వించుకుని గట్టు మీద గుడిసెలో ఉంటున్నాడు. గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. "మేస్త్రిగారా! ఎన్నాళ్ళకండీ!" అని మంచం వాల్చేడు. వచ్చిన పని చెప్పేను.

"టేపులాండీ? బోలెడుండేవండీ. చెరువు మీద కట్టేశానండీ, కొంగలు దిగకుండా. గాలికి బుయ్యిమంటుంటే పిట్ట వాలదండీ."

చూపించేడు. చెరువుకి అడ్డంగా గెడ నుంచి గెడకి టేపు దారాలు. కొన్ని తెగి నీళ్ళల్లో వేలాడుతున్నాయి. సముద్రపు గాలి విసురుగా ఉంది. అన్నీ ఒకే మాదిరిగా మోగుతున్నాయి. దగ్గరికి వెళ్ళి ఒకటి పట్టుకుని చూసేను. ఎండకీ ఉప్పుకీ గోధుమరంగంతా రాలిపోయింది. ఉత్త పల్చటి ప్లాస్టిక్కు. వెనకనున్న నా వేళ్ళు కనబడుతున్నాయి.

"అందులో ఏమైనా ఉందాండీ?" అన్నాడాయన, వెనకే వచ్చి.

"లేదండీ."

ఆయన వంగి నీళ్ళల్లో వేలాడుతున్న దారం ఒకటి పైకి లాగేడు. తరవాత నెమ్మదిగా, "ఇది అడగచ్చో లేదో గాని, ఊళ్ళో అనుకున్నారండీ. ఆవేళ ఆవిణ్ణి పాకలోకి దింపేసి ఉంటే ఇల్లూ మూతపడేది కాదు, ఈ తిరుగుడూ ఉండేది కాదు కదండీ" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, జాలిపడే అన్నాడు.

"ఉండేది కాదండీ."

"మరి?"

"మరేం లేదండీ. ఇవాళ మళ్ళీ అడిగినా దింపనండీ."

ఆయన తల పంకించేడు. చెరువులో రొయ్యలకి గాలాడేలా నీళ్ళు చిలికే ఏరేటరు తిరుగుతోంది. నా చేతిలో టేపు ముక్కని వదిలేస్తే మళ్ళీ మోగడం మొదలెట్టింది.

"మా వియ్యంకుడి దగ్గర కూడా అప్పట్లో మీరు బాగుచేసిన సెట్టే ఉండేదండీ, అంతర్వేది వేపు. పారెయ్యడం తెలియని మనిషి. ఓసారి అడిగి చూడండి."

"ఆయ్. అడుగుతానండీ."

ఊరి పేరు మళ్ళీ చెప్పించుకుని, చెప్పులేసుకుని గట్టు దిగేను.